మాజీ భార్యకు బాకీ ఉన్నావని డిక్రీ పడితే

బాబూ,

నీ మాజీ భార్యకు డబ్బు కట్టాలని కోర్టు నీ మీద డిక్రీ ఇచ్చిందన్నావు. అది అప్పు కాదు, కాపురం చేసినప్పుడు ఇంటికే ఖర్చయిన డబ్బు అంటున్నావు. కావచ్చు. కానీ డిక్రీ పడ్డాక ఆ మాట ఎక్కడంటే అక్కడ చెల్లదు. ఈపీ (డిక్రీని అమలు చెయ్యమని ఆవిడ వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్) నడిపే కోర్టు డిక్రీ వెనక్కి వెళ్లి, బాకీ నిజమా కాదా అని విచారించదు. అది వినేది అప్పీలు కోర్టు. ఎక్స్‌పార్టీ అయితే, అంటే నువ్వు హాజరు కాకుండానే ఇచ్చినదైతే, డిక్రీ ఇచ్చిన కోర్టే. రెండింటికీ గడువుంది.

ముందు తీర్పుకూ డిక్రీకీ సర్టిఫైడ్ కాపీల దరఖాస్తు పెట్టెయ్. కాపీ తయారవడానికి పట్టిన రోజుల్ని అప్పీలు గడువులో లెక్కించరు. దరఖాస్తు పెట్టకుండా కూర్చున్న రోజులు మాత్రం నీ ఖాతాలోకే.

ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 13వ రూలు కింద రద్దు కోరాలి. డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30. విడిపోయినవాళ్ల కేసుల్లో సమన్లు పాత ఇంటికి పోతుంటాయి కాబట్టి, అప్పటికే వేరేచోట ఉంటున్నట్టు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు జతచెయ్. అయితే వాయిదా తేదీ నీకు ముందే తెలుసని చూపే వాట్సాప్ మెసేజీ ఒక్కటి బయటపడినా, సమన్లలో లోపం ఉందన్న వాదన నిలవదు.

ఇద్దరి వాదనా విని ఇచ్చిన తీర్పయితే అప్పీలే దారి. జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90. ఫ్యామిలీ కోర్టు డిక్రీ అయితే హైకోర్టుకు వెళ్లేదే అయినా 30 రోజులే. చాలామంది ఇక్కడే పొరబడతారు. అప్పీలు వేసినంత మాత్రాన ఈపీ ఆగదు. స్టే విడిగా అడగాలి, డబ్బు డిపాజిట్ చెయ్యమనో పూచీ చూపమనో అంటారు. సిద్ధంగా ఉండు.

కట్టాలనుకుంటే కోర్టులో జమ చెయ్యి, లేదా బ్యాంకు ద్వారా పంపు. నగదు ఆవిడ చేతిలోనో, మధ్యవర్తి చేతిలోనో పెట్టకు. బయట కట్టిన సొమ్మును కోర్టులో నమోదు చేయించకపోతే ఈపీలో దాన్ని లెక్కలోకే తీసుకోరు. ఆ నమోదుకు నువ్వు దరఖాస్తు పెట్టాల్సింది కట్టిన 30 రోజుల్లోపు. పరస్పర నమ్మకం మిగలని చోట ఇంతకు మించిన గొయ్యి లేదు. పిల్లల ఫీజు కట్టానని, నగలు ఇచ్చేశానని నీ అంతట నువ్వే డిక్రీలోంచి తగ్గించుకోవడమూ అలాంటిదే.

జీతం మీదికొస్తే మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు నీకు వదిలేస్తారు. 40,000 జీతమైతే నెలకు 13,000 జప్తవుతుంది. మనోవర్తి డిక్రీకి ఈ లెక్క వేరు, నీకు మిగిలేది మూడో వంతే. ఇల్లు మీ తమ్ముడి పేర రాసిచ్చే ఆలోచన మానుకో. బాకీ ఎగ్గొట్టడానికి చేసిన బదిలీని కోర్టు కొట్టెయ్యగలదు. పైగా ఉన్నదాన్ని మళ్లించాడని తేలితే అరెస్టు అడగడానికి ఆవిడకు అదే ఆధారం. వట్టి చేతులవాడిని మాత్రం కట్టలేకపోయాడని జైల్లో పెట్టరు.

వాయిదాల్లో కట్టే ఏర్పాటుకు డిక్రీ తర్వాత ఆవిడ ఒప్పుకోవాలి. అందుకే రాజీ మాట ప్లీడర్ల ద్వారానే, కాగితం మీదే నడపాలి.

మొత్తం తీరాక ఫుల్ శాటిస్‌ఫాక్షన్, అంటే బాకీ పూర్తిగా తీరిందని, కోర్టులో రికార్డు చేయించి ఆ ఉత్తర్వు కాపీ తెచ్చుకో. ఇంటి మీద జప్తు ఉండి ఉంటే, దాన్ని ఎత్తేసిన సంగతి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు చేరిందో లేదో ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించి చూసుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న