గూబ ఎక్కడ, కర్ణభేరి ఎక్కడ?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. చెవి పాఠం వచ్చినప్పుడల్లా పేర్ల దగ్గర తికమక పడుతున్నాం. కర్ణభేరి అంటే పలచని పొర అని పుస్తకంలో ఉంది. "భేరి అంటే డోలు కదా టీచర్, పొర ఎలా అవుతుంది?" అని ఒక అమ్మాయి అడిగింది. ఇంట్లో వాళ్ళు 'గూబ' అంటారు, అదీ ఇదీ ఒకటేనా? లోపలి మూడు ఎముకలకు ఒకచోట కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనీ, మరోచోట కూటకం, పట్టెడ, అంకవన్నె అనీ కనిపిస్తున్నాయి. పిల్లల చేత ఏది రాయించాలి? 'మధ్య చెవి' దుష్టసమాసమని, అంటే సంస్కృత పదాన్ని తెలుగు పదంతో తప్పుగా కలిపిన సమాసమని, మా తెలుగు మాస్టారు అంటున్నారు, నిజమేనా?

సమాధానం: ముందుగా ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. ఆమె అడిగినది చాలామంది పెద్దలు అడగకుండా దాటేసిన ప్రశ్న.

భేరి అంటే డోలే. కట్టె, చర్మం, లోపలి బోలు అన్నీ కలిస్తేనే భేరి. చర్మం ఒక్కటే భేరి కాదు. ఈ పోలికను మొదట చేసినవాళ్ళ మనసులోనూ అదే ఉంది. 16వ శతాబ్దంలో ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు గాబ్రియేలె ఫలోపియో మధ్య చెవిలోని గాలి గదిని డోలుతో పోల్చి 'టింపనం' అన్నాడు. లాటిన్‌లో ఆ మాటకు డోలు అనే అర్థం. వైద్యుల లాటిన్ పరిభాషలో ఇప్పటికీ 'కావుం టింపని' అంటే డోలు గది, 'మెంబ్రానా టింపని' అంటే ఆ డోలు పొర. రెండూ వేరువేరు. ఇంగ్లీషు వాడుకలో 'ఇయర్‌డ్రమ్' అన్న మాట కాలక్రమేణా పొర మీదికి జరిగింది. మన 'కర్ణభేరి' కూడా పొరకే స్థిరపడింది.

మరి తప్పని కొట్టేద్దామా? వద్దు. ఒక మాట రెండు తరాల పాఠాల్లో, వైద్యుల నోళ్ళలో, పత్రికల్లో ఒకే అర్థంతో నిలబడ్డాక ఆ అర్థమే దాని అర్థం. కర్ణభేరి అంటే పొర అనే రాయించండి. గదిని, పొరను విడదీసి చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం పొరను 'కర్ణభేరీ త్వచం' అనండి. ఇక్కడ 'రీ' దీర్ఘమే. భేరీ శబ్దం తెలుగులోకి ఒంటరిగా వస్తే భేరి అవుతుంది, సంస్కృత సమాసం మధ్యలో ఉంటే దీర్ఘం నిలుస్తుంది. భేరీనాదం, నదీతీరం అన్నట్టే ఇదీ.

ఇంకో సంగతి పిల్లలకు తప్పక చెప్పండి. చెవి డాక్టరు లైటు ఉన్న గొట్టం పెట్టి చూసినప్పుడు ఆయనకు కనిపించేది డోలు చర్మంలా చదునుగా బిగిసిన పొర కాదు. ముత్యపు ఛాయ ఉన్న బూడిద రంగు పొర, నడుమ లోపలికి లాగినట్టు గుంటపడి ఉంటుంది. పైనుంచి ఆ గుంట దాకా తెల్లని గీతలా కనిపించేది మొదటి ఎముక పిడి. గుంట నుంచి కిందికి, ముఖం వైపుకి, లైటు వెలుగు త్రికోణంగా తళుక్కుమంటుంది. పొర వెడల్పు దాదాపు 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరులో పదో వంతు. ఇంత పలచని దానిలోనూ మూడు పొరలున్నాయి: బయట చర్మం, నడుమ నారలు, లోపల జిగురు పొర. ఈ బొమ్మ ఒకసారి కళ్ళకు కట్టిందంటే భేరి అన్న మాట ఎంతవరకు సరిపోతుందో పిల్లలే చెబుతారు.

ఇక గూబ. ఇది అచ్చమైన తెలుగు మాట, నాకు చాలా ఇష్టమైన మాట. కొన్ని నిఘంటువులు గూబకు కర్ణభేరి అని అర్థం ఇచ్చాయి. జనం నోట మాత్రం అంత కచ్చితంగా ఒక్క భాగానికి కట్టుబడి లేదు. "గూబ మీద ఒక్కటిచ్చాడు" అన్నప్పుడు చెయ్యి పడిన చోటు, అంటే చెవీ దాని చుట్టుపక్కలా. "గూబ గుయ్యిమంది" అన్నప్పుడు లోపల మోగినది. "గూబ పగిలింది" అన్నప్పుడు రెండూ. ఆ మూడో వాడుకలో మన పూర్వుల అనుభవం ఉంది. అరచెయ్యి చెవిని పూర్తిగా కప్పేలా పడితే చెవి నాళంలోని గాలి ఒక్కసారిగా ఒత్తిడికి లోనై కర్ణభేరి నిజంగానే చిరగవచ్చు. చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది గాని, వినికిడి తగ్గినవాళ్ళూ ఉన్నారు. పిల్లల గూబ మీద చెయ్యి చేసుకోవడం క్రమశిక్షణ అనుకునే పెద్దలు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ ముక్క భాషాశీర్షికలోనైనా సరే రాయక తప్పదు. మీ ప్రశ్నకు జవాబు: గూబ, కర్ణభేరి ఒకటి కావు. పరీక్షలో కర్ణభేరి రాయించండి. పాఠం మాత్రం గూబతోనే మొదలుపెట్టండి, పిల్లలకు వెంటనే అందుతుంది.

మీరు అడగకపోయినా వెలుపలి చెవి గురించి నాలుగు మాటలు. బయటికి కనబడే భాగమంతా చెవిదొప్ప. డొప్ప అన్నా తప్పు లేదు, రెండూ వాడుకలో ఉన్నాయి. కింద మెత్తగా వేలాడేది చెవితమ్మె. దొప్ప మొత్తాన్ని తమ్మె అనడం ఈమధ్య కొన్ని అనువాదాల్లో చూస్తున్నాను, అది పొరపాటు. తేడా పేరులోనే కాదు, ఒంట్లోనూ ఉంది. దొప్పకు లోపల మృదులాస్థి ఉంటుంది, తమ్మెలో ఉండదు, కొవ్వూ చర్మమూ మాత్రమే. అందుకే కమ్మలకూ దిద్దులకూ తమ్మె కుట్టిస్తే త్వరగా మానుతుంది. పై అంచున బావిలీలనే నగల కోసం కుట్టించుకున్నవాళ్ళకు మానడం ఆలస్యం, చీము పట్టిందంటే మృదులాస్థికి ముప్పు. తమ్మెను సంస్కృతంలో కర్ణపాలి అంటారు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో చెవులు కుట్టడం గురించీ, తెగిన పాలిని తిరిగి అతకడం గురించీ ఒక అధ్యాయమే ఉంది. అతికే పద్ధతులు 15 చెప్పారు. బరువైన ఆభరణాలు పెట్టుకున్న సమాజంలో తమ్మె తెగడం ఎంత మామూలు విషయమో దాన్నిబట్టి తెలుస్తుంది.

దొప్ప నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారి శ్రవణనాళం, రెండున్నర సెంటీమీటర్ల పొడవు. బయటి మూడో వంతు మృదులాస్థి, మిగిలినది ఎముక. గుబిలి పుట్టేది ఆ బయటి మూడో వంతులోనే. గుబిలి, గులిమి రెండూ సరైన రూపాలే. పుల్ల పెట్టి తియ్యబోతే లోపలికి పోతుంది తప్ప బయటికి రాదు.

ఇప్పుడు మూడు ఎముకలు. మీ ప్రశ్నలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

1543లో శరీరశాస్త్రజ్ఞుడు వెసాలియస్ తన శరీరశాస్త్ర గ్రంథంలో మొదటి రెండు ఎముకలనూ సుత్తితో, దాగలితో పోల్చాడు. మూడోది అప్పటికి ఆయన కంటపడలేదు. 1546లో నేపుల్స్‌లో ఇంగ్రాసియా అనే వైద్యుడు దాన్ని గుర్తించాడు. రెండు కాళ్ళు, అడుగున చదునైన పలక. గుర్రపు జీనుకు వేలాడే రికాబు అచ్చుగుద్దినట్టు ఇలాగే ఉంటుంది. దాంతో ఆ పేరే పెట్టారు. అంటే మూడు పేర్లూ ఆకారాన్ని చూసి పెట్టినవి.

మన పేర్లకు వద్దాం. కూటం అంటే ఇనుప సుత్తి, సమ్మెట. అమరకోశం నానార్థవర్గంలో కూట శబ్దానికి ఇచ్చిన అర్థాల్లో 'అయోఘనం', అంటే ఇనుప సుత్తి, ఒకటి. చివర 'క' చేరి చిన్నది అనే అర్థం వచ్చింది. ఆ విధంగా కూటకం నిర్దుష్టమైన పదమే. అయితే సుత్తి అన్న మాట పిల్లలకు తెలుసు, కూటకం తెలియదు. దాగలి అంటే కమ్మరి కొలిమి దగ్గర కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ. దాకలి అనే రూపమూ ఉంది. పట్టెడ అన్నా అదే పనిముట్టు, కంసాలి దుకాణంలో ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఈ రెండింటిలో ఏది రాసినా మార్కు తగ్గించకండి.

కర్ణాంతరాస్థి మాత్రం నాకు సమ్మతం కాదు. కర్ణ, అంతర, అస్థి: చెవి లోపలి ఎముక. మూడూ చెవి లోపలివే అయినప్పుడు ఈ పేరు మూడోదాన్ని మిగిలిన రెండింటి నుంచి ఎలా వేరు చేస్తుంది? పేరు పెట్టడంలో ఉండవలసిన మొదటి గుణమే ఇందులో లేదు. అంకవన్నె అలా కాదు. జీనుకు వేలాడుతూ రౌతు కాలు మోపే ఇనుప చట్రానికి తెలుగులో ఉన్న పాత పేరు అది. తమిళంలో అంగవడి, కన్నడంలో అంకవణి ఉన్నాయి. తమిళ విద్యార్థులు ఈనాటికీ సుత్తి ఎముక, అంగవడి ఎముక అనే చదువుకుంటున్నారు. మనకూ అంతటి మాట ఉండగా అర్థం చెప్పని సమాసాన్ని మొయ్యడం ఎందుకు? పాఠ్యపుస్తకంలో ఉన్నది కాబట్టి పరీక్ష కోసం కర్ణాంతరాస్థిని తెలుసుకోమనండి. బోర్డు మీద అంకవన్నె అని రాయండి, పక్కన రికాబు బొమ్మ గియ్యండి.

ఈ పేర్ల వల్ల వచ్చే ఒక అపోహను కూడా తుంచెయ్యాలి. "సుత్తి దాగలిని కొడుతుంది" అని పిల్లలు జవాబు పత్రాల్లో రాస్తుంటారు. కొట్టదు. సుత్తి, దాగలి కీలుతో అతుక్కుని ఒకే ముక్కలా ఊగుతాయి. పొర కదిలితే సుత్తి పిడి కదులుతుంది, దానితో దాగలి, దానితో అంకవన్నె. దాదాపు మూడు మిల్లీమీటర్లుండే ఆ చిట్టి ఎముక, మన ఒంట్లో అన్నిటికన్నా చిన్నది, తన అడుగు పలకతో లోపలి చెవి కిటికీని, అంటే పొరతో మూసి ఉన్న చిన్న రంధ్రాన్ని, నెడుతుంది. ఇంత ఏర్పాటు దేనికంటే, లోపలి చెవి నిండా ద్రవం ఉంది. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే దాని శక్తిలో 99.9 శాతం వెనక్కి పోతుంది. పెద్ద పొర మీది ఒత్తిడిని దాదాపు 17 రెట్లు చిన్నదైన పలక మీదికి చేర్చడం వల్లా, ఎముకలు మీటగా పనిచెయ్యడం వల్లా ఒత్తిడి సుమారు 20 రెట్లు పెరుగుతుంది. పేరు పని గురించి ఏమీ చెప్పదు, ఆకారం గురించే చెబుతుంది. ఈ రెండూ వేరని పిల్లలకు ఒకసారి గట్టిగా చెబితే చాలు.

మీ తెలుగు మాస్టారి మాట. వ్యాకరణం ప్రకారం ఆయనది కాదనలేని అభ్యంతరమే. 'మధ్యము' తెలుగు మాటతో సమసిస్తే 'మధ్యపు చెవి' కావాలి, లేదా రెండూ సంస్కృతమై 'మధ్యకర్ణం' కావాలి. కాని 'మధ్య' ఇప్పుడు తెలుగులో సొంతంగా తిరిగే మాట. మధ్యవేలు, మధ్య గది అని అందరమూ అంటున్నాం. వాటిని ఒప్పుకుని మధ్య చెవిని తప్పుపట్టడం న్యాయం కాదు. మాస్టారికి అంతగా మనసొప్పకపోతే 'నడిమి చెవి' ఉంది, చక్కని తెలుగు. లోపలిది 'లోచెవి' అనవచ్చు. బయటిదాన్ని మాత్రం 'వెలిచెవి' అనకండి. వెలికి సంఘం నుంచి వెలెయ్యడం అనే వాసన అంటుకుంది, వెలుపలి చెవి అంటే సరిపోతుంది.

నడిమి చెవి నుంచి గొంతు వెనకకు పోయే గొట్టాన్ని ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు బార్తొలొమియో యుస్టాకి పేరున యూస్టేషియన్ నాళం అంటారు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు "చెవులు దిబ్బళ్ళు పడ్డాయి" అంటామే, పొరకు ఇటూ అటూ గాలి ఒత్తిడి సమం కానందువల్ల వచ్చిన ఇబ్బంది అది. గుటక వేసినా ఆవలించినా ఆ గొట్టం తెరుచుకుని చెవులు విడతాయి. పసిపిల్లల్లో ఇది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడల్లా వాళ్ళకు చెవిపోటు రావడానికి ఇదొక పెద్ద కారణం.

చివరగా క్రియాపదం సంగతి. డోలు పగులుతుంది, పొర చిరుగుతుంది. "కర్ణభేరి పగిలింది" అని పత్రికల్లో రాస్తున్నది భేరి అన్న మాటను పట్టుకుని వచ్చిన క్రియ, జాతీయంగా ఒప్పే. పాఠంలోనూ వైద్యం చీటీలోనూ అయితే "కర్ణభేరి చిరిగింది" అని గాని, "కర్ణభేరికి చిల్లు పడింది" అని గాని రాయాలి. దెబ్బకు ఒక్కసారిగా తెగితే మొదటిది, చీము కారి కారి రంధ్రం ఏర్పడితే రెండోది.