ఎర్రర్ వచ్చిందని కోర్సు మానేయకండి

ప్రశ్న: బీకాం పూర్తిచేసి అమీర్‌పేటలో డేటా అనలిటిక్స్ కోర్సులో చేరాను. కస్టమర్ల సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) ఇచ్చి హైదరాబాద్ వాళ్లను వేరు చేయమన్నారు. పిన్‌కోడ్ 500తో మొదలైతే తీసుకోమని పైథాన్‌లో కోడ్ రాశాను. రన్ చేస్తే ‘ఫ్లోట్ ఆబ్జెక్ట్ హ్యాజ్ నో అట్రిబ్యూట్ స్టార్ట్స్‌విత్’ అని వస్తోంది. ఇలాంటివి రోజూ వస్తుంటే టెన్షన్‌గా ఉంది. నాన్న బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. కోర్సు మానేయమంటారా?

జవాబు: ఈ ఎర్రర్ కోసమైతే మాత్రం మానేయకండి. మీ ఆలోచన సరిగానే ఉంది. స్టార్ట్స్‌విత్ అనేది స్ట్రింగ్‌కు, అంటే అక్షరాల వరుసకు ఉండే మెథడ్ (దానిపై చేయగలిగే పని). మీ ఫైల్లోని పిన్‌కోడ్ స్ట్రింగ్‌గా రాలేదు, ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా వచ్చింది. ఎర్రర్ మెసేజ్ చెప్పింది కూడా అదే. ఇలాంటి అట్రిబ్యూట్ ఎర్రర్ వచ్చినప్పుడల్లా ముందు ఆ టైపు పేరు చదవండి. మీ చేతిలో ఏముందో అక్కడే రాసి ఉంటుంది.

ఆరంకెల పిన్‌కోడ్ ఫ్లోట్ ఎలా అయింది? ఫైల్లో ఎవరిదో ఒకరి పిన్‌కోడ్ గడి ఖాళీగా ఉండి ఉంటుంది. పైథాన్‌లో పట్టికలు చదివే పాండాస్ లైబ్రరీ ఖాళీ గడిని ‘నాన్’ అనే విలువగా తీసుకుంటుంది. దాని టైపు ఫ్లోట్. ఆ ఒక్క గడి వల్ల కాలమ్ మొత్తం ఫ్లోట్ అయిపోయి, 500038 కాస్తా 500038.0 అవుతుంది.

ఇక్కడ చాలామంది తొందరపడి ప్రతి విలువకూ దాన్ని స్ట్రింగ్‌గా మార్చే స్ట్ర్ తగిలించేస్తారు. ఎర్రర్ పోతుంది, కోడ్ నడుస్తుంది. కానీ పిన్‌కోడ్ చివర ఆ ‘.0’ అలాగే ఉండిపోతుంది, ఖాళీ గడి ‘నాన్’ అనే మాటగా మారుతుంది. రేపు ఇదే కాలమ్‌ను ఏరియాల పట్టికతో కలిపితే ఒక్క వరుస కూడా సరిపోలదు, ఎందుకో అర్థం కాదు. ట్రై, ఎక్సెప్ట్ పెట్టి ఎర్రర్‌ను దాచేయడమూ ఇంతే ప్రమాదం. ఆగిపోయే కోడ్ కంటే తప్పు లెక్క చూపిస్తూ నడిచే కోడ్ ఉద్యోగంలో ఎక్కువ నష్టం చేస్తుంది.

కాబట్టి ఫైలు చదివేటప్పుడే సరిచేయండి. ఫైలును చదివే రీడ్ సీఎస్‌వీలో, టైపు చెప్పే డీటైప్ దగ్గర పిన్‌కోడ్‌కు స్ట్ర్ అని ఇవ్వండి. అప్పుడు కూడా ఖాళీ గడులు ఖాళీగానే ఉంటాయి. ఖాళీలను గుర్తించే ఈజ్‌నా పెట్టి అవి ఎన్ని ఉన్నాయో, ఎవరివో చూడండి. వాటిని వదిలేయాలా, అడ్రసు చూసి నింపాలా అన్నది మీరే తేల్చుకోవాలి. ఖాతాల్లో తేడా వస్తే ఓచర్లు తిరగేసే అలవాటు బీకాం వాళ్లకు ఉంటుంది కదా, ఇక్కడ పనికొచ్చేది అదే. అనలిస్టు పనిలో చాలా సమయం ఇలా డేటాను శుభ్రం చేయడానికే పోతుంది.

ఎర్రర్‌లో ఫ్లోట్‌కు బదులు ‘నన్‌టైప్’ అని వస్తే మాత్రం కారణం వేరుగా ఉంటుంది. లిస్టును సార్ట్ చేసి, ఆ ఫలితాన్ని మళ్లీ అదే పేరులో పెట్టారేమో చూడండి. సార్ట్ ఉన్న లిస్టునే మార్చి, తిరిగి నన్ (విలువ ఏమీ లేదని అర్థం) ఇస్తుంది. ఇలాంటి ఎర్రర్ ఏదైనా, అది వచ్చిన లైనుకు ముందు ప్రింట్‌లో టైప్ పెట్టి చూస్తే సగం పని అయిపోతుంది.

ఇక నాన్నగారి మాట. అది తీసిపారేయాల్సింది కాదు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్‌లో జనరల్ అభ్యర్థులకు క్లర్కు పోస్టుకు 28, పీఓకు (ప్రొబేషనరీ ఆఫీసరుకు) 30 ఏళ్ల వరకు అవకాశం ఉంటుంది. డిగ్రీ ఇప్పుడే పూర్తయింది కాబట్టి మీకు సమయం ఉంది. కోర్సు పూర్తిచేయండి. ఈ కస్టమర్ల ఫైలునే శుభ్రం చేసి, ఏమేం సరిచేశారో, ఎందుకు సరిచేశారో ఒక పేజీ రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ఈ పిన్‌కోడ్ సంగతే చెప్పండి. ఇలా డేటాతో కుస్తీ పట్టడం మీకు నచ్చడం లేదని కోర్సు అయ్యాక కూడా అనిపిస్తే, అప్పుడు బ్యాంకు పరీక్షల వైపు నిశ్చింతగా వెళ్లండి.