మీరడిగారు: మందు చుక్క ఆకు మీద ఎందుకు నిలవదు?

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకి గట్టి వానంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వానే. ఆ తడి ఆరకముందే రాసినట్టున్నారు మనవాళ్ళు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీటి చుక్కల మీదే ఉన్నాయి. ఒకరికి చుక్క నిలవడం లేదని బాధ, ఇంకొకరికి జారడం లేదని. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: వరికి అగ్గితెగులు మందు కొడుతుంటే చుక్కలు గోళీల్లా దొర్లి కయ్యలో పడిపోతున్నాయి. అదే పంపుతో నిమ్మచెట్లకి కొడితే ఆకు బాగానే తడుస్తోంది. షాపులో జిగురు మందు కలపమంటున్నారు. అది అవసరమా, సబ్బు నీళ్ళు చాలవా? (రైతు, పొదలకూరు)

పంపుని, మందుని తిట్టకండి, ఇదంతా వరి ఆకు చేసే పని.

చుక్క నడుమ ఏముందో వదిలేసి దాని అంచు చూడండి. ఆకు, నీళ్ళు, గాలి మూడూ కలిసే గీత అది. అక్కడ ఆకు నీటిని తన మీదికి లాక్కోవాలని చూస్తుంది, నీళ్ళేమో తమలో తాము ముడుచుకుని గుండ్రంగా అవ్వాలని చూస్తాయి, ఎవరి బలం ఎంతో దాన్నిబట్టి అంచు ఒక కోణంలో ఆగుతుంది. దాన్నే స్పర్శకోణం అంటారు. ఈ లెక్కని 1805లోనే ఇంగ్లండులో థామస్ యంగ్ చెప్పాడు. బాగా కడిగిన గాజు మీద ఈ కోణం దాదాపు సున్నా, అంటే నీళ్ళు పూర్తిగా పరుచుకుంటాయి. మైనం మీద 105, 110 డిగ్రీలు ఉంటుంది. నున్నటి తలం ఏదైనా సరే, చివరికి టెఫ్లాన్ అయినా, 120 దాటించడం కష్టం. మీ వరి ఆకు 150 దాటిస్తుంది.

ఎలాగంటే, అది నున్నగా లేదు కాబట్టి. ఆకు మీద కంటికి కనపడని బొడిపెలు, వాటి మీద ఇంకా సన్నటి మైనం పొరలు ఉంటాయి. చుక్క ఆ బొడిపెల కొనల మీదే కూర్చుంటుంది, కింద మిగిలిందంతా గాలే. తామరాకు సంగతీ ఇంతే. తామరాకు మీద నీటిబొట్టు అంటూ మనం దాన్ని వేదాంతానికి వాడుకుని ఊరుకున్నాం, జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయంలో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ అనే ఇద్దరు ఆకుల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి ఈ కథంతా 1997లో అచ్చు వేశారు. వరి ఆకుకి ఇంకో సుళువు కూడా ఉంది. బొడిపెలు ఆకు పొడవునా వరసల్లో ఉంటాయి కాబట్టి చుక్క అడ్డంగా కంటే నిలువునా తేలిగ్గా దొర్లుతుంది, పైగా ఆకు నిక్కబొడుచుకుని ఉంటుంది, ఇంకేం కావాలి. నిమ్మాకు మీద ఈ ఏర్పాటేమీ లేదు.

మీరే చూడాలంటే ఒక వరి ఆకు తెంచి గ్లాసెడు నీళ్ళలో ముంచండి. లోపల ఆకు వెండి రేకులా తళతళలాడుతుంది. ఆ మెరుపు ఆకుని అంటిపెట్టుకున్న గాలి పొరది. బయటికి తీస్తే ఆకు పొడిగానే ఉంటుంది.

జిగురు మందు అని షాపులో ఇచ్చేది చాలావరకు జిగురు కాదు, తడిపే మందు. నీటికి ముడుచుకునే బలం, అదే తలతన్యత, మీటరుకి 72 మిల్లీన్యూటన్లు ఉంటుంది. ఇలాంటిది కలిస్తే 30 దగ్గరికి పడిపోతుంది. అప్పుడు నీళ్ళు బొడిపెల మధ్యకి దిగి, గాలిని తోసేసి, ఆకుని అంటుకుంటాయి. కాబట్టి వరికి కలపండి. అయితే డబ్బా మీద రాసినంతే. ఇంకాస్త వేస్తే ఇంకా మంచిదనుకుని పోస్తే నీళ్ళు మరీ పలచగా పరుచుకుని ఆకు కొన నుంచి ధారగా కారిపోతాయి, మళ్ళీ మందు కయ్యలోకే.

సబ్బు నీళ్ళు వద్దంటాను. మన వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన, వాటిలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. పైగా సబ్బుకి క్షారగుణం ఉంది, కొన్ని మందులు దానికి తట్టుకోలేక విరిగిపోతాయి. నాజిల్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. పెద్ద చుక్కలు వేగంగా వచ్చి తగిలితే ఆకు మీద అప్పడంలా పరుచుకుని, మళ్ళీ ముడుచుకుని ఎగిరి దూకేస్తాయి. సన్నటి తుంపరకి అంత ఊపు ఉండదు. అరిగిపోయిన నాజిల్ మార్చి చూడండి, జిగురు కంటే అదే ఎక్కువ పని చేయొచ్చు. అన్నట్టు, ఎప్పుడైనా దోమపోటుకి, అంటే వరి రసం పీల్చే పురుగుకి, కొట్టాల్సి వస్తే ఆకు గురించి ఈ బాధే లేదు, దోమ ఉండేది మొదళ్ళలో, మందు అక్కడికే పోవాలి.

ప్రశ్న: వానలో ఒంగోలు నుంచి నెల్లూరు బస్సులో వస్తూ కిటికీ అద్దం చూస్తూ కూర్చున్నాను. నిటారుగా ఉన్న అద్దం మీద కూడా కొన్ని చుక్కలు కదలవు. ఉన్నట్టుండి ఒకటి జర్రున జారుతుంది. భూమి లాగడం అన్నిటికీ ఒకటే కదా? (డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు)

లాగడం ఒకటే, పట్టు వేరు. ఈసారి బస్సెక్కినప్పుడు ఒక చుక్కని పక్కనుంచి చూడండి. కింది అంచు పొట్టలా ఉబ్బి ఉంటుంది, పై అంచు సన్నగా సాగి ఉంటుంది. ఇందాక చెప్పిన కోణం రెండు చోట్లా ఒకటిగా లేదన్నమాట. అద్దం మీద దుమ్ము, వేలి జిడ్డు, కంటికి ఆనని గీతలు చుక్క అంచుని కొక్కేల్లా పట్టుకుంటాయి. కింది అంచు ఒక హద్దు దాటి ఉబ్బితే తప్ప ముందుకి కదలదు, పై అంచు ఒక హద్దు కంటే సన్నబడితే తప్ప ఊడిరాదు. ఆ రెండు హద్దుల మధ్య తేడా ఎంత ఎక్కువుంటే చుక్క అంత మొండి.

ఇక అన్నీ ఎందుకు జారవంటే, చుక్క అడ్డం, పొడవు, ఎత్తు అన్నీ రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది. పట్టుకునేది మాత్రం అంచు, దాని పట్టు చుక్క వెడల్పుని బట్టి ఉంటుంది కాబట్టి రెండింతలే పెరుగుతుంది. అందుకే చిన్నది బస్సు కుదుపుకి కూడా చలించకుండా కూర్చుంటుంది. పక్క చుక్క ఒకటి వచ్చి కలిసిందా, బరువు హద్దు దాటి జారడం మొదలవుతుంది, దారిలో అడ్డొచ్చినవాటిని మింగుతూ ఇంకా బరువెక్కి ఇంకా జోరుగా పోతుంది, వెనకాల తోక తెగి చిట్టి చుక్కలు మిగులుతాయి. అది తిన్నగా జారకుండా వంకరటింకరగా పోయేది కూడా ఈ కొక్కేలు, దారిలో కలిసే చుక్కల వల్లే.

చుక్కలు జారిపోతే మంచిదే కదా అనుకుని ఒకప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. రాత్రిపూట వానలో కావలి నుంచి బండి మీద రావాల్సొచ్చి, హెల్మెట్ అద్దానికి టెంకాయ నూనె రాశాను. నీళ్ళు చుక్కలు కట్టాయి, నిజమే. కానీ ఎదురుగా లారీ వస్తే ప్రతి చుక్కా ఒక భూతద్దమై ఒక లైటు వంద లైట్లయింది, నూనె మరకలు సరేసరి. టెన్షన్‌తో చేతులు బిగుసుకుపోయి రోడ్డు పక్క టీ బంకు దగ్గర ఆపేశాను. లోపలి వైపు ఆవిరి పట్టడం ఇంకో గోల. అది చూసి టీ బంకాయన, అద్దం లోపల తడి సబ్బు పూతలా రాసి పొడి గుడ్డతో తుడిచేయమన్నాడు. పట్టిన ఆవిరి చుక్కలు కట్టకుండా పలచటి పొరలా పరుచుకుంది, ఆ పొరలోంచి చక్కగా కనపడింది. బయటి నూనె కూడా ఆ సబ్బుతోనే కడిగేశాను. అద్దానికి కావాల్సింది వరి ఆకు గుణమేనని అప్పటిదాకా నమ్మాను.

ప్రశ్న: మా సైన్స్ టీచర్ గుండ్రంగా నిలిచే చుక్క తేలిగ్గా జారుతుందని చెప్పారు. మా ఇంట్లో గులాబీ రేకు మీద చుక్క ముత్యంలా గుండ్రంగానే ఉంది, రేకుని తలకిందులు చేసినా పడలేదు. ఏది నిజం? (తొమ్మిదో తరగతి విద్యార్థి, పొదిలి)

నువ్వు చూసిందే నిజం బాబూ, టీచర్ గారు చెప్పింది తామరాకు విషయంలో నిజం. గులాబీ రేకు మీద కూడా బొడిపెలు ఉంటాయి, కానీ కాస్త పెద్దవి, ఎడంగా ఉంటాయి. వాటి మధ్య పల్లాల్లోకి నీళ్ళు దిగుతాయి, బొడిపెల మీదున్న సన్నటి ముడతల్లోకి దిగలేవు. అందుకే పైన గుండ్రంగా, కింద గట్టిగా. చుక్క ఆకారం ఒక సంగతి, దాని పట్టు ఇంకో సంగతి. పెద్ద పుస్తకాల్లో కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. ఇంకుఫిల్లరుతో అదే చుక్కకి కొంచెం కొంచెం నీళ్ళు చేరుస్తూ పో, ఎన్నో చుక్కకి పడిందో లెక్క రాసుకుని టీచర్ గారికి చూపించు.

ప్రశ్న: స్టీలు గ్లాసులు కడిగి బోర్లించకుండా వదిలేస్తే తెల్లటి మరకలు పడుతున్నాయి, అదీ గుండ్రటి గీతల్లాగా. నడుమ శుభ్రంగానే ఉంటుంది. (గృహిణి, కనిగిరి)

మీ నీళ్ళలో కరిగిన లవణాలు అవి. చుక్క ఆరేటప్పుడు అంచు కదలకుండా అతుక్కుపోయి ఉంటుంది, ఆవిరి కూడా పలచగా ఉండే అంచు దగ్గరే జోరుగా పోతుంది. పోయినదాన్ని భర్తీ చేయడానికి నడుమ నుంచి నీళ్ళు అంచుకి పారుతుంటాయి, తమతో ఉన్నదంతా మోసుకెళ్ళి అక్కడ దించుతాయి. బల్ల మీద పడిన కాఫీ చుక్క ఆరితే అంచు నల్లగా, నడుమ పలచగా ఉండేదీ ఇందుకే. షికాగోలో కొందరు దీన్ని 1997లో విడమరిచి చెప్పేదాకా శాస్త్రవేత్తలు కూడా పట్టించుకోలేదు. చుక్క ఆరకముందే గుడ్డతో తుడవండి. పడిపోయిన మరకలకి నిమ్మచెక్క చాలు.

ప్రశ్న: పెనం మీద నీళ్ళు చిలకరిస్తే ఒక్కోసారి చుయ్‌మని ఇంకిపోతాయి, ఒక్కోసారి గోళీల్లా పరుగెడతాయి. దోసె ఎప్పుడు వేయాలి? (కావలి)

చుయ్‌మన్నప్పుడు. పరుగెడుతున్నాయంటే పెనం 200 డిగ్రీల చుట్టుపక్కలో, ఆపైనో ఉంది. చుక్క అడుగు తగలగానే ఆవిరై, ఆ ఆవిరే మెత్తలా చుక్కని పైకి ఎత్తి ఉంచుతుంది, అందుకే వేడి సరిగా అందక ఎంతసేపటికీ ఆరదు. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ డాక్టరు ఎర్రగా కాల్చిన ఇనుప గరిటెలో చుక్క వేసి ఇది రాశాడు. అంత వేడిలో పిండి పోస్తే పడ్డచోటే గట్టిపడి గరిటె వెంట లేచొస్తుంది. మంట తగ్గించి, ఇంకాస్త నీళ్ళు చల్లి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది వేయండి.

ప్రశ్న: వంటింటి ప్రశ్న, నవ్వకండి. గిన్నెలోంచి పాలు గ్లాసులోకి వంచితే సగం గిన్నె బయటి వైపు నుంచి కారి గట్టు మీద పడతాయి. అదే గబుక్కున వంచితే పడవు. (నెల్లూరు)

ఎందుకు నవ్వుతానమ్మా. జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అని ఒకావిడ, కాలేజీ గడప తొక్కలేదు, ఇంట్లో వంటపనీ అమ్మానాన్నల సేవా చూసుకుంటూ, అంట్లు కడిగే నీళ్ళ మీద జిడ్డు ఎలా ప్రవర్తిస్తుందో రేకు తొట్టి ఒకటి తయారుచేసుకుని కొలిచింది. ఆ లెక్కలు ఉత్తరంగా ఇంగ్లండులో పేరున్న భౌతికశాస్త్రవేత్త లార్డ్ రాలీకి పంపితే, ఆయన 1891లో వాటిని నేచర్ అనే సైన్స్ పత్రికలో వేయించాడు. నీటి మీద తేలే పలచటి పొరల్ని కొలవడానికి ఇప్పటికీ వాడే తొట్టి ఆవిడ నమూనా నుంచి వచ్చిందే.

మీ పాల సంగతికొస్తే, మెల్లగా వంచినప్పుడు ధారకి ఊపు ఉండదు, అంచు దాటుతూనే గిన్నె లోహం దాన్ని తడిపించుకుని తన వైపు తిప్పుకుంటుంది. ఒకసారి బయటి వైపు తడిసిందంటే వెనకొచ్చే పాలకి అదే దారి. గబుక్కున వంచితే ధార ఊపు మీద అంచుని విడిచి ముందుకి దూకుతుంది. అంచు గుండ్రంగా, దళసరిగా ఉన్న గిన్నెతో ఈ బాధ ఎక్కువ, పలచటి పదునైన అంచు ఉన్నదానితో తక్కువ. గిన్నె మార్చలేకపోతే, వంచే చోట అంచుకీ దాని కింద బయటి వైపుకీ వేలితో ఒక్క చుక్క నెయ్యి రాయండి. జిడ్డు మీద పాలు అంత తేలిగ్గా పట్టు దొరకించుకోలేవు. పాలు మరీ వేడిగా ఉంటే నెయ్యి కరిగి ధారతో పోతుంది కాబట్టి, కాస్త ఆరాక వంచండి.