యుద్ధభూమికి బస్సెక్కే ముందు

ఫ్రాన్స్, బెల్జియంలలోని మొదటి ప్రపంచయుద్ధ క్షేత్రాలకు బృందాలను తీసుకెళ్లడం నా వృత్తి. పోయిన సంచికలో వాటి గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ప్రయాణం కట్టబోతున్నవారి ప్రశ్నలు ముందుగా తీసుకుంటున్నాను.

ప్రశ్న: ఒక సంస్థ నాలుగు రోజుల యాత్రలో ఈపర్, సోమ్ ప్రాంతాలు రెండూ కలిపి ముప్పై రెండు చోట్లు చూపిస్తానంటోంది. ధర కూడా తక్కువే. వెళ్లవచ్చా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

వద్దండీ. ఈపర్ బెల్జియంలో ఉంది, సోమ్ ఫ్రాన్సులో. రాకపోకలు, భోజనాలు పోగా ముప్పై రెండు చోట్లంటే బస్సు దిగడం, ఫొటో తీసుకోవడం, ఎక్కడం. అంతకు మించి ఏమీ మిగలదు.

అసలు చిక్కేమిటంటే, యుద్ధభూమిలో కంటికి కనిపించేది చాలా తక్కువ. బీటుదుంపల చేను, కొంచెం ఏటవాలు, దూరంగా నాలుగు చెట్లు. గైడు పని అక్కడే మొదలవుతుంది. సోమ్‌లో మామెట్స్ ఊరి దగ్గర ఒక చిన్న తోపు ఉంది. 1916లో బ్రిటిష్ సైన్యంలోని డెవన్‌షైర్ దళం కందకం ఆ తోపులోనే ఉండేది. ఆ దళంలో మార్టిన్ అనే కెప్టెన్ దాడికి ముందు ఆ నేల ఎత్తుపల్లాలను మట్టిముద్దలాంటి ప్లాస్టిసిన్‌తో నమూనాగా చేసి చూసుకున్నాడు. ఎదుటి ఊరి శ్మశానం దగ్గర జర్మన్ మెషిన్‌గన్ ఉందనీ, తోపు దాటి వాలు దిగేచోట తమవాళ్లు దానికి దొరికిపోతారనీ అంచనా వేశాడు. జూలై 1న దాడి మొదలైంది. అతడు చనిపోయింది ఆ చుట్టుపక్కలే. దళంవాళ్లు తమ మృతులను తాము దాడికి బయలుదేరిన కందకంలోనే పూడ్చారు. డెవన్‌షైర్లు ఈ కందకాన్ని నిలబెట్టుకున్నారు, ఇప్పటికీ నిలబెట్టుకునే ఉన్నారు అనే మాట అక్కడి రాతి మీద ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే తోపు అంచున నిలబడి ఎదుటి శ్మశానం వైపు చూడాలి, తర్వాత అక్కడికి నడిచి వెళ్లి ఇటు చూడాలి. ఒక్క చోటుకే గంట పడుతుంది. జూలై 1, ఆ ఒక్క రోజే సోమ్‌లో బ్రిటిష్ సైన్యంలో చనిపోయినవారు 19,240 మంది. అంత పెద్ద సంఖ్యను బస్సులో మైకు పట్టుకుని చెబితే చెవికి తాకుతుంది, అంతే. వాలు దిగుతూ వింటే తల తిరుగుతుంది.

డబ్బు కట్టే ముందు సంస్థను అడగవలసినవి ఇవి: రోజుకు ఎంతసేపు నడిపిస్తారు? గైడు మొదటినుంచి చివరిదాకా వెంట ఉంటారా? బృందంలో ఎంతమంది? నలభై మంది దాటితే వెనక ఉన్నవాళ్లకు గైడు టోపీ తప్ప మరేమీ అందదు. బ్రిటన్‌లో యుద్ధక్షేత్ర గైడ్లకు ఒక గిల్డు, అంటే వృత్తి సంఘం, ఉంది. అది పరీక్షించి బ్యాడ్జీ ఇస్తుంది. అది ఉంటే మంచిదే. అయితే బ్యాడ్జీ లేకుండా అద్భుతంగా చెప్పేవాళ్లు కూడా నాకు తెలుసు.

ప్రశ్న: మావారి ముత్తాత ఆ యుద్ధంలో ఫ్రాన్సులో చనిపోయారని ఇంట్లో చెప్పుకుంటారు. సమాధి ఎక్కడుందో తెలియదు. బృందంతో వెళ్తే చూపిస్తారా? – ఒక పాఠకురాలు

వాళ్లు చూపించరు, మీరే వెతుక్కుని వెళ్లాలి. కామన్వెల్త్ యుద్ధసమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో ఉచితంగా వెతకవచ్చు. భారతీయ సైనికుల పేర్లను ఆనాటి గుమాస్తాలు తమకు వినిపించినట్టు రాసుకున్నారు కాబట్టి ఒకే పేరును నాలుగు రకాలుగా రాసి చూడండి. రెజిమెంటు తెలిస్తే పని సగం అయినట్టే. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి.

సమాధి లేకపోతే ఫ్రాన్సులోని నవ్ షపెల్‌లో ఉన్న భారతీయ సైనికుల స్మారకం చూడండి. 1915 మార్చి 10న అక్కడ జరిగిన దాడిలో దాదాపు సగం మంది భారతీయ సైనికులే. సమాధి దొరకని 4,700 మందికి పైగా సైనికుల, సహాయక సిబ్బంది పేర్లు అక్కడి గోడ మీద చెక్కి ఉన్నాయి. హెర్బర్ట్ బేకర్ రూపకల్పన చేసిన ఆ కట్టడాన్ని 1927లో ఆవిష్కరించారు. గుండ్రని ఆవరణ, పద్మం ఆకారంలో శిఖరం ఉన్న ఎత్తైన స్తంభం, దానికి అటూ ఇటూ రాతి పులులు ఉంటాయి. ఈపర్ నుంచి సోమ్ వెళ్లే బస్సులు చాలావరకు దీన్ని పట్టించుకోకుండా సాగిపోతాయి. నాకు ఒళ్లు మండే విషయం ఇది. అక్కడ ఆపుతామని బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా తీసుకోండి. పేరు ఏ పలక మీద ఉందో కమిషన్ నమోదులో ఉంటుంది, ఆ సంఖ్య కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ప్రశ్న: సైనిక సమాధుల వాటికలన్నీ ఒకేలా ఉంటాయట కదా. ఒకటి చూస్తే చాలదా?

ఒకేలా ఉండాలనే కట్టారు. 1917లో ఏర్పడిన ఆ కమిషన్ జనరల్‌కైనా, సిపాయికైనా ఒకే రకం రాయి అని నియమం పెట్టింది. డబ్బున్న కుటుంబాలు శవాలను ఇంటికి తీసుకెళ్తామన్నా కమిషన్ ఒప్పుకోలేదు. దాని మీద అప్పట్లో పెద్ద గొడవే జరిగింది.

తేడాలు దగ్గరికి వెళ్తే తెలుస్తాయి. ఒక వరుస ఎంచుకుని తేదీలు చదువుతూ నడవండి. రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, సాధారణంగా ఆ మనుషులను ఒకే గోతిలో పూడ్చారన్నమాట. రాయి కింది భాగంలో కుటుంబం రాయించుకున్న వాక్యం ఉంటుంది, 66 అక్షరాలకు మించకుండా. న్యూజిలాండ్ రాళ్లపై అది కనిపించదు, వాళ్ల ప్రభుత్వం వద్దంది. ప్రవేశం దగ్గర గోడలో చిన్న తలుపున్న అర ఉంటుంది, అందులో ఆ వాటిక రిజిస్టరు. చదివాక దాన్ని అక్కడే పెట్టేయండి.

ఈపర్ దగ్గర టైన్ కాట్‌లో దాదాపు 12,000 సమాధులు ఉన్నాయి. వాటిలో 8,000కు పైగా పేరు తెలియనివారివి. అదే రోజు కొద్ది కిలోమీటర్ల దూరంలోని లాంగెమార్క్ జర్మన్ వాటిక కూడా చూడండి. అక్కడ తెల్లరాళ్లుండవు. ఓక్ చెట్ల నీడలో నేలకు పరిచిన ముదురు రంగు పలకలు, దాదాపు 25,000 మందిని కలిపి పూడ్చిన ఒకే ఒక పెద్ద గొయ్యి. శత్రువుల సమాధులు మాకెందుకని బృందంలో ఎవరో ఒకరు బస్సులోనే కూర్చుంటారు. వాళ్లను బతిమాలకండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఫిరంగి గుండు ముక్క జ్ఞాపకంగా తెచ్చుకోవాలని ఉంది. దొరుకుతాయా?

దొరుకుతాయి, అందుకే భయం. పేలని గుండ్లు ఇప్పటికీ దున్నుతుంటే బయటపడుతూనే ఉన్నాయి. రైతులు వాటిని రోడ్డు పక్కన పెడితే నిర్వీర్యం చేసే నిపుణులు వచ్చి తీసుకెళతారు. వాటిలో విషవాయువు గుండ్లు కూడా ఉంటాయి. కాలితో కూడా తాకవద్దని చెప్పండి. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్‌తో వెతకడం ఫ్రాన్సులో నేరం.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఈపర్‌లో సాయంత్రం బ్యూగిల్ కార్యక్రమం చూపించాలని ఉంది. వీలవుతుందా?

వీలవుతుంది. సమాధి దొరకని సైనికుల పేర్లు చెక్కిన స్మారక ద్వారం మెనిన్ గేట్ కింద, వాళ్ల జ్ఞాపకార్థం రోజూ రాత్రి ఎనిమిది గంటలకు జరుగుతుంది. 1928 నుంచి జరుగుతున్న ఆచారం ఇది, రెండో యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కాలం తప్ప. కార్యక్రమం చిన్నదే, ముందు నిలబడి చోటు పట్టుకోవడమే కష్టం. వేసవిలో కనీసం ముప్పావు గంట ముందు చేరండి. మడత కుర్చీ తీసుకెళ్లండి. గోడలపై పేర్లు చదవాలంటే మధ్యాహ్నం జనం లేనప్పుడు ఒకసారి తీసుకెళ్లండి, రాత్రి ఆ వీలుండదు. బ్యూగిల్ ముగిశాక చప్పట్లు కొట్టకూడదని బృందంలో అందరికీ ముందే చెప్పి ఉంచండి.