'సవర్' అన్నచోటల్లా పులుపేనా?

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన అనువాద కథ చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది. 'సవర్' వచ్చిన చోటల్లా మాత్రం పంటికింద రాయి తగిలింది. ఆ ఇంగ్లీషు విశేషణం కనబడగానే 'పుల్లగా' అని దించేశావు. ఆవిడ పుల్లగా నవ్విందట, వాళ్ల స్నేహం పులిసిందట. తెలుగులో అలా ఎవరు నవ్వుతారయ్యా?

నాలుక మీది రుచి అయితే చిక్కే లేదు. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లమైనా, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లమైనా పులుపు పులుపే. ఆ మాట వంటగది దాటాకే తంటా. 'సవర్'లో రుచితో పాటు చెడిపోవడం కూడా ఉంది. పాలు 'సవర్' అయ్యాయంటే పాడయ్యాయని. స్నేహం 'సవర్' అయిందన్నా అదే లెక్క, ఒకప్పుడు బాగుండేది, ఇప్పుడు లేదు. ఆ పనికి మనకు వేరే మాటుంది, విరగడం. పాలూ విరుగుతాయి, మనసూ విరుగుతుంది. ఇంత చక్కటి మాట చేతిలో పెట్టుకుని పులుపు వెంట పడ్డావేం? ఇక ఆ నవ్వంటావా, అది ఇష్టం లేని నవ్వు. 'మొహం మాడ్చుకునే నవ్వింది' అను, సరిపోతుంది.

దీని పక్కింటిది 'టార్ట్'. రెండూ ఒకటే అనుకోకు. పచ్చి ఆపిల్ పులుపును మెచ్చుకుంటూ 'టార్ట్' అంటారు గానీ పాడైన పాలను అనరు. మనుషుల దగ్గరా అంతే. 'సవర్' జవాబు కడుపులో దుగ్ధ ఉన్నవాడిది, 'టార్ట్' జవాబు తెలివైనవాడిది. ఐదో పేజీలో మేనత్త "అడిగినప్పుడు చెబుదువుగాని నాయనా సలహాలు" అంటుంది చూడు, మూలంలో అక్కడున్నది 'టార్ట్‌లీ'. నువ్వు 'కసిగా' అని రాశావు. ఆ ఒక్క మాటతో సరదా మనిషి కాస్తా గయ్యాళి అయి కూర్చుంది. 'చురక అంటించింది' అని మార్చు. (పుల్లవిరిచినట్టు అనబోయేవు, అందులో ఉన్నది పులుపు కాదు, కర్రపుల్ల. పైగా మోటు.)

'అందని ద్రాక్ష పుల్లన' సామెత మూలంలో లేదు, నువ్వే తగిలించావు. అది ప్రతి అసూయకూ అతకదు. దక్కనిదాన్ని, దక్కలేదనే చులకన చేయాలి. నీ కథలో తమ్ముడు అన్న ఉద్యోగం చూసి కుళ్లుకుంటున్నాడు తప్ప అదీ ఓ ఉద్యోగమేనా అనడం లేదు. తీసెయ్.

వ్యాపార వార్తలు కూడా అనువదిస్తున్నానన్నావు. 'సవర్ క్రూడ్' అంటే గంధకం 0.5 శాతం మించిన ముడిచమురు, అంతకు తక్కువుంటే 'స్వీట్'. 'పుల్లని చమురు' అని రాశావో, డెస్కులో నెల రోజులు నవ్వుకుంటారు.

అన్నట్టు, ఎనిమిదో పేజీలో పిల్లాడు జేబులో దాచుకున్న 'టార్ట్' విశేషణం కాదు, పండ్లముక్కలు పెట్టి కాల్చిన తినుబండారం. 'జేబులో పులుపు' తీసేసి, కథ మళ్లీ పంపు.

ఉంటాను.