స్ట్రూప్ ప్రయోగానికి గేమింగ్ కంప్యూటర్ కావాలా?

ప్రశ్న: మాది జమ్మికుంట. డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. స్ట్రూప్ (ఒక రంగు పేరును వేరే రంగులో రాసి, ఆ రాసిన రంగేదో చెప్పించే ప్రయోగం), రియాక్షన్ టైమ్ (జవాబివ్వడానికి పట్టే సమయం) ప్రాక్టికల్స్ ఇన్నాళ్లూ రంగు కార్డులు, స్టాప్‌వాచ్‌తోనే నడిపించాం. ఈసారి ల్యాబ్‌కు ఒక కంప్యూటర్ కొనడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. హన్మకొండలో ఒక షాపతను, ‘మిల్లీసెకన్ల పని అంటున్నారు కదా, గేమింగ్ పీసీ అయితేనే ఆగుతుంది’ అని పెద్ద ఎస్టిమేట్ రాసిచ్చాడు. అంత అవసరమా? సాఫ్ట్‌వేర్ కూడా కొనాలా? పదాలు తెలుగులోనే చూపించాలని మా కోరిక.
– ఒక అధ్యాపకురాలు

జవాబు: మేడం, ఆ ఎస్టిమేట్ పక్కన పెట్టండి. తెర మధ్యలో ఒక పదం చూపించి, కీ నొక్కేదాకా టైమ్ లెక్కపెట్టే పనికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు డెస్క్‌టాప్ చాలు. సాఫ్ట్‌వేర్‌కు పైసా పెట్టొద్దు. ఇలాంటి ప్రయోగాలకు వాడే ఈ-ప్రైమ్ అనే సాఫ్ట్‌వేర్ మంచిదే, కానీ లైసెన్స్ కొనాలి. అదే పని చేసే సైకోపై ఉచితం. నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో జొనాథన్ పియర్స్ దాన్ని మొదలుపెట్టాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తుంది గానీ, బిల్డర్ అనే విండోలో ముక్కలు పేర్చుకుంటూ పోతే చాలు, కోడ్ రాయనక్కర్లేదు.

మీ కార్డులను తక్కువ చేయడం లేదు. 1935లో ఈ ప్రయోగానికి పేరిచ్చిన స్ట్రూప్ కూడా కాగితాల మీదే చేశాడు, కాగితం మొత్తానికి పట్టిన టైమ్ కొలిచాడు. కంప్యూటర్‌తో లాభమేంటంటే, ఒక్కో పదానికి విడిగా టైమ్ దొరుకుతుంది, తప్పు జవాబులు ఏరి పక్కన పెట్టొచ్చు.

షాపులో అడగాల్సింది మానిటర్ గురించి. మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు తెరను మళ్లీ గీస్తుంది. అంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. ఆ మధ్యలో ఏదీ మార్చలేం. పదాన్ని సరిగ్గా 40 మిల్లీసెకన్లు చూపించమని ఎంత బతిమాలినా అది చూపించేది రెండు ఫ్రేములు, అంటే 33; లేదా మూడు, అంటే 50. అందుకే బిల్డర్‌లో వ్యవధిని సెకన్లలో కాకుండా ఫ్రేముల్లో ఇవ్వండి. తెరను పైనుంచి కిందికి గీస్తుంది కాబట్టి అడుగున ఉన్న బొమ్మ, పైన ఉన్నదానికన్నా దాదాపు ఒక ఫ్రేమ్ ఆలస్యంగా కనపడుతుంది. పదం ఎప్పుడూ ఒకే చోట రానివ్వండి. గోడకున్న టీవీ వాడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుకునేలోపే మన మిల్లీసెకన్లు కరిగిపోతాయి. అదే తెరను ప్రొజెక్టర్‌లో డూప్లికేట్ చేయడం కూడా వద్దు.

కీబోర్డు వైరుదే తీసుకోండి. అయినా 20, 30 మిల్లీసెకన్ల ఆలస్యం ఉండొచ్చు. దానికి టెన్షన్ పడకండి. స్ట్రూప్‌లో మనం చూసేది, ఒకే మనిషి రెండు రకాల పదాలకు (రంగూ పేరూ కలిసినవి, కలవనివి) తీసుకున్న టైమ్‌ల మధ్య తేడా. రెండింటికీ అదే ఆలస్యం కలుస్తుంది, తీసివేతలో పోతుంది. కాస్త అటూ ఇటూ ఊగేది మిగిలితే, పదాలు ఎక్కువసార్లు చూపించి సర్దుకోవచ్చు. కానీ సగం మంది పిల్లల్ని ఈ కంప్యూటర్ ముందు, మిగతా సగాన్ని ఆఫీసు ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెడితే మాత్రం, వచ్చిన తేడా పిల్లలదో కీబోర్డులదో ఎవరూ తేల్చలేరు. అందరూ ఈ ఒక్కదాని మీదే చేయాలి. ఈ కంప్యూటర్‌లో అడ్మిషన్ల పనీ, స్కాలర్‌షిప్ అప్లికేషన్లూ పెట్టనివ్వకండి. కాలేజీల్లో ఖాళీ కంప్యూటర్ కనపడితే ఊరుకోరు, నాకు తెలుసు.

ఆలస్యం ఎంతో మీరే కొలుచుకోవచ్చు. కీ నొక్కగానే నల్ల తెర మీద తెల్ల చతురస్రం వచ్చేలా చిన్న ప్రయోగం తయారుచేయండి. వేలూ తెరా రెండూ కనపడేలా ఫోన్ పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో వీడియో తీయండి. వేలు కీని అడుగుకు తొక్కిన దగ్గర్నుంచి తెల్లగా మారేదాకా ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక్కోటి సుమారు 4.2 మిల్లీసెకన్లు. చాలాసార్లు చేస్తే అంకె ఎంత ఊగుతుందో కూడా తెలిసిపోతుంది. పిల్లలతోనే చేయించండి, అదే ఒక మంచి ప్రాక్టికల్.

ఇక తెలుగు. ఇక్కడే చిక్కు వస్తుంది. ‘ఆకుపచ్చ’ అని టెక్స్ట్‌గా ఇస్తే, చ కింద ఉండాల్సిన వత్తు విడిపోయి ‘ఆకుపచ్‌చ’లా పడే ప్రమాదం ఉంది. చదవడానికి తడుముకుంటే ఆ టైమ్ అంతా మీ లెక్కలోకి వచ్చేస్తుంది. పదాలను బొమ్మలుగా మార్చుకోవడమే నిశ్చింత. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ పదాలను లిబ్రేఆఫీస్‌లో ఒకే ఫాంట్, ఒకే సైజులో రాసి, ఒక్కోదాన్నీ నాలుగు రంగుల్లో పీఎన్‌జీగా సేవ్ చేయండి. మొత్తం 16 బొమ్మలు. ఫైళ్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. అప్పుడు ఫలితాల పట్టిక ఉండే సీఎస్‌వీ ఫైలుని ఎక్సెల్‌లో తెరిచినా పిచ్చి గీతలు రావు. జవాబు కీల మీద రంగు స్టిక్కర్లు అతికిస్తే, ఏ కీ దేనికని పిల్లలు వెతుక్కోరు.

విండోస్‌లో స్కేలింగ్ 100 శాతం పెట్టి, నైట్ లైట్ ఆపేయండి. రంగుల ప్రయోగంలో తెర పసుపెక్కితే ఇంకేముంది! ప్రయోగం జరిగేటప్పుడు నెట్ పీకేయండి, అప్‌డేట్లూ నోటిఫికేషన్లూ మధ్యలో దూరకుండా ఉంటాయి. ఫోల్డర్ డెస్క్‌టాప్ మీద కాకుండా నేరుగా సి డ్రైవ్‌లో ఉంచితే ఫైళ్లను నెట్‌లోకి ఎక్కించే వన్‌డ్రైవ్ గొడవ ఉండదు. సీఎస్‌వీలో ఫ్రేమ్ రేట్ అని ఒక కాలమ్ వస్తుంది. అందులో 60కి దగ్గరగా ఉంటే సరే, 30 లాంటి అంకె కనపడితే ఆ రోజు ఆపి కారణం చూడండి. అందరి ప్రయోగాలూ పూర్తికాకముందే మధ్యలో సైకోపై కొత్త వెర్షన్ ఎక్కించకండి.

కుర్చీ జరగకుండా నేల మీద టేపు అంటించండి. కంటికీ తెరకూ 57 సెంటీమీటర్ల దూరం ఉంటే, తెర మీది ఒక సెంటీమీటరు కంటి దగ్గర దాదాపు ఒక డిగ్రీ కోణానికి సమానం, లెక్క తేలిక. మన దగ్గర మార్చి దాటితే కూలర్ లేకుండా కూర్చోలేరు. దాన్ని అందరికీ ఒకే స్పీడులో ఉంచండి, గాలి మొహం మీదికి కొట్టకుండా తిప్పండి. గ్రాఫిక్స్ కార్డు మానేసి మిగిలిన డబ్బుతో యూపీఎస్ కొనండి. మధ్యలో కరెంటు పోతే ఆ విద్యార్థి డేటా పోయినట్టే. ఇంకో రోజు పిలిచి మళ్లీ చేయిద్దామంటే కుదరదు, ఆ పదాలకు అప్పటికే వాళ్ల చెయ్యి అలవాటు పడి ఉంటుంది.