నాన్నగారి రిటైర్మెంట్ సభలో ఐదు నిమిషాలు

మీ నాన్నగారి రిటైర్మెంట్ సభలో ఐదు నిమిషాలు మాట్లాడాలి, కానీ మైకు చూస్తే అన్నీ మరిచిపోతానన్నారు కదండీ. మొత్తం బట్టీ పట్టకండి. ఒక్క మాట జారితే తర్వాతిది దొరకదు. కాలేజీలో నాకు అదే జరిగింది, మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను.

మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి రావాలి. తర్వాత నాన్నగారి గురించి రెండే సంఘటనలు చెప్పండి, గుర్తుకు ఒక్కో మాట చీటీ మీద రాసుకోండి. రోజూ నిలబడి, గొంతెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చెప్పి చూడండి. మనసులో చదువుకుంటే చాలదు.

1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో, అమెరికా నల్లజాతీయుల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ కాగితం వదిలేసి చెప్పిన 'నాకో కల ఉంది' భాగం కూడా అప్పటికప్పుడు పుట్టింది కాదు. రెండు నెలల ముందే డెట్రాయిట్‌లో ఆయన ఆ మాటలు చెప్పారు.

సభకు అరగంట ముందే వెళ్లి మైకు ఎత్తు సరిచూసుకోండి. మధ్యలో కళ్లు చెమ్మగిల్లితే కాసేపు ఆగండి, కూతురు మాట్లాడుతోందని అందరికీ తెలుసు.